మచ్లీలకు పంఖా

ఫజర్‌కు లేచి వుజూకు పోయే ముందు, ఈ ఎండాకాలమంతా నేను చేసిన మొదటి పని ఒకటుంది. చీకట్లోనే ఫోన్ లైటు వేసి, ముందు గదిలో చేపల తొట్టి అద్దానికి అంటించిన పట్టీ చూడటం. పచ్చగా 28 కనబడితే అల్హందులిల్లా. 30 కనబడిందా, మధ్యాహ్నం గురించి అప్పట్నుంచే ఫికర్ మొదలు. మా సాస్ జానిమాజ్ మీద కూర్చునే ఇదంతా చూసి, "తస్బీ కంటే ముందు మచ్లీలా?" అని ఒకట్రెండు సార్లు నవ్వింది. నవ్వడం దాకా రావడానికి ముందు మా ఇంట్లో చాలా జరిగింది. అది చెప్పాలనే కూర్చున్నాను.

ఆ తొట్టి ఈద్‌కు వచ్చింది. మా ఆయన దమ్మామ్‌లో ఏసీ మెకానిక్. రెండేళ్ళకోసారి వస్తారు. ఈసారి రంజాన్ ఆఖరి రోజుల్లో వచ్చి, ఈద్ అయ్యాక పన్నెండు రోజులుండి పోయారు. మా చిన్నోడికి తొమ్మిదేళ్ళు. ఖాలాలు, మామూలు, చిచ్చాలు ఇచ్చిన ఈదీ పైసలన్నీ లెక్కపెట్టుకుని "అబ్బా, మచ్లీలు" అని పట్టు పట్టాడు. తక్కువ పడ్డది వాళ్ళ అబ్బా వేశారు. హన్మకొండ చౌరస్తా దగ్గర ఓ దుకాణంలో రెండడుగుల తొట్టి కొన్నారు. నీళ్ళు యాభై లీటర్ల దాకా పడతాయి. రెండు గోల్డ్ ఫిష్‌లు, ఆరు గప్పీలు, వేరే సీసాలో ఒక ఎర్ర ఫైటర్. గోల్డ్ ఫిష్‌లలో ఒకటి నారింజ రంగుది, ఇంకోటి నల్లది, గుడ్లు బయటికొచ్చినట్టుండేది. మావాడు దానికి కాలూ అని పేరు పెట్టాడు. తొట్టి మీద మూత, మూతలో లైటు. లైటు వేస్తే గది మొత్తం నీలంగా అయిపోయేది.

శంషాబాద్‌కు బయల్దేరే ముందు మా ఆయన వాడి భుజం మీద చెయ్యేసి, "యే తేరే పాస్ అమానత్ హై బేటా" అన్నారు. వాడు పెద్దమనిషిలా తలూపాడు. ఆ మాట వాడు ఎంత గట్టిగా పట్టుకున్నాడో నాకు అప్పుడు తెలియలేదు.

మా సాస్‌కు మాత్రం మొదట్నుంచీ ఇష్టం లేదు. "ఫుజూల్ ఖర్చు. బేజుబాన్ జాన్వర్లను అద్దాల్లో పెట్టుకుని ఏం చూస్తరు?" అని. రోజూ మగ్రిబ్ తర్వాత వాళ్ళ అబ్బా వీడియో కాల్ చేసేవారు. మావాడు ఫోన్ పట్టుకుని నేరుగా తొట్టి ముందుకే. అబ్బాకు బాగా కనబడాలని లైటు వేసేవాడు. వేసిన లైటు ఇషా దాకా ఆపేవాడు కాదు. నేనూ ఆపలేదు. ఆ నీలం వెలుగులో ఆయన మొహం ఫోన్‌లో చూస్తుంటే, ఇల్లు నిండుగా ఉన్నట్టనిపించేది.

మా ఇల్లు మండి బజార్ వెనక గల్లీలో. పైన ఇంకో అంతస్తు లేదు, ఒట్టి స్లాబు. మన దగ్గర ఎండలు 43, 44కు పోవడం కొత్తేం కాదు కదా. స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి పదింటికి కూడా మన మీద కక్కుతూనే ఉంటుంది. కూలర్ ఒక్కటే, అది మా సాస్ గదిలో. ఆమెకు బీపీ, ఆయాసం. తొట్టేమో ముందు గదిలో పడమటి కిటికీ పక్కన పెట్టుకున్నాం, వెలుగు పడితే అందంగా ఉంటుందని. అసర్ వేళ ఎండ నేరుగా అద్దం మీద కొట్టేది. అందం చూసుకున్నామే గానీ అవి లోపల ఉడుకుతాయని ఆలోచించలేదు.

మే మొదట్లో ఒకరోజు జొహర్ తర్వాత చేపలన్నీ పైకొచ్చాయి. నీటి అంచున నిలబడి నోరు తెరవడం, మూయడం. మావాడు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మీ, భూక్ లగ్రీ ఇన్కు!" అని మేత డబ్బా తీశాడు. చిటికెడు వేశాడు. అవి తినలేదు, నోళ్ళు తెరుస్తూనే ఉన్నాయి. ఇంకో చిటికెడు. ఇంకోటి. నోరు తెరిస్తే ఆకలే అనుకున్నాం ఇద్దరం. కాసేపటికి నాకు అనుమానమొచ్చి నీళ్ళలో వేలు పెట్టాను. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు ముట్టుకున్నట్టే ఉంది. గాభరాలో ఫ్రిజ్ తీసి రెండు ట్రేల ఐస్ గుమ్మరించాను. సరిపోలేదనిపించి గిన్నెలో గడ్డ కట్టి ఉన్నదీ వేశాను. చేపలు కిందికి దిగి ఒక మూల కదలకుండా నిలబడ్డాయి. హమ్మయ్య, సుకూన్ దొరికింది వాటికి అనుకున్నాను.

తెల్లారి ఫజర్‌కు లేస్తే కాలూ, రెండు గప్పీలు నీటి మీద తేలుతున్నాయి.

మా సాస్ పాత మల్లు గుడ్డ ముక్క చింపి ఇచ్చింది. జామచెట్టు మొదట్లో పాతిపెట్టాం. మావాడు ఏడ్వలేదు. మట్టి కప్పాక నా కొంగు పట్టుకుని, "నేనే ఎక్కువ తినిపించిన అమ్మీ. అబ్బాకు చెప్పకు" అన్నాడు. నాకప్పటికే ఐస్ మీద అనుమానం ఉంది. నా నోట్లోంచి మాత్రం ఒక్క మాట రాలేదు. వాడి తల నిమిరి లోపలికి తీసుకొచ్చాను. అంతే.

సాయంత్రం కాల్‌లో ఆయనకు "గర్మీకు కాలూ పోయింది" అని మాత్రం చెప్పాను. ఆయనకు వేడి, చల్లదనం అంటే రోజీరోటీ. పోలీసులా ప్రశ్నలు మొదలుపెట్టారు. మూత మూసే ఉందా? లైటు ఎంతసేపు? కిటికీ పక్కనేనా ఇంకా? నోళ్ళు తెరుస్తున్నాయన్నాక మేత వేశారా? తర్వాత నిదానంగా చెప్పారు. "వాటికి ఆకలి కాదు. ఊపిరి ఆడలేదు."

ఆయన చెప్పింది నాకర్థమైనంత వరకు ఇది. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కలిసి ఉండే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టేది, 34 దగ్గర 7కు దిగుతుంది. మరోపక్క చేప ఒంట్లో మనలాగా సొంత వేడి ఉండదు. నీరెంత వేడి ఉంటే దాని ఒళ్ళూ అంత వేడి. పది డిగ్రీలు పెరిగితే ఒంట్లో పని దాదాపు రెట్టింపు వేగంతో నడుస్తుంది, ఊపిరీ అంత ఎక్కువ కావాలి. సరుకు తగ్గినప్పుడే గిరాకీ పెరిగిందన్న మాట. అందుకే గాలి తగిలే పైపొర దగ్గరికి వచ్చి నోరు తెరుస్తాయి. మేము వేసిన మేత అడుగున కుళ్ళితే, ఆ కుళ్ళబెట్టే బ్యాక్టీరియా కూడా మిగిలిన ఆక్సిజన్‌నే తాగుతుంది. పైగా చేపల మలం నుంచి, కుళ్ళిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది కదా, వేడి నీళ్ళలో దాని విషం ఇంకా ఎక్కువ. గోల్డ్ ఫిష్ అసలే చల్లటి నీళ్ళ చేప. 20, 22 డిగ్రీల్లో హాయిగా ఉండేదాన్ని మన వరంగల్ మే నెలకు తెచ్చుకున్నాం.

ఇదంతా చెప్పి ఆయన చివర్లో అన్నారు. "ఒకటి యాద్ పెట్టుకో. ఐస్ మాత్రం ఎప్పుడూ వేయకండి. అరగంటలో ఆరేడు డిగ్రీలు పడిపోతే వేడి చంపకపోయినా ఆ ఝట్కా చంపుతుంది. నల్లా నీళ్ళ ఐస్ అయితే క్లోరిన్ కూడా."

"హౌ" అన్నాను. ఇంకేమీ అనలేదు. ఫోన్‌లో నా మొహం చీకట్లో ఉంది. లైటు వేయలేదు ఆరోజు.

మరి చల్లబరచడం ఎట్లా అంటే పంఖా అన్నారు. మూత తీసేసి, తొట్టి మీదుగా, నీటి పైపొరను రాసుకుంటూ పోయేలా చిన్న పంఖా పెట్టమన్నారు. ఆవిరయ్యే నీళ్ళు మిగిలిన నీళ్ళలోంచి వేడిని లాక్కుపోతాయి. ఒక్క లీటరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. అంటే మా యాభై లీటర్ల తొట్టిలోంచి ఒక్క లీటరు ఎగిరిపోతే, బయటి వేడి లోపలికి రాకుండా ఉన్నట్టయితే, మిగిలినవి పదకొండు డిగ్రీలకు పైనే చల్లబడాలి. గది వేడి తిరిగి ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి అంత కాదు, రెండు నుంచి నాలుగు డిగ్రీలు దక్కుతాయి. ఆ నాలుగు డిగ్రీలే జాన్ కాపాడతాయి అన్నారు.

"మరి మీ దగ్గర కూలర్లు ఎందుకు పెట్టుకోరు, అన్నీ ఏసీలే కదా" అని అడిగాను. "ఇక్కడ సముద్రం పక్కన. గాలి ముందే తడిగా ఉంటుంది, చెమటే ఆరదు, కూలర్ ఏం పనిచేస్తుంది? వరంగల్ గాలి ఏప్రిల్, మేలో ఎండుగా ఉంటుంది. అల్లా మన దగ్గర వేడితో పాటు దాని దవా కూడా ఇచ్చాడు" అని నవ్వారు. తర్వాత మాటల్లో మాటగా, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించొద్దని అక్కడ ఖానూన్ ఉందని చెప్పారు. "మరి మేలో?" అన్నాను. "మేలో లేదు" అన్నారు. ఆయన పనంతా మిద్దెల మీద, ఏసీల బయటి డబ్బాల దగ్గర. ఆ సంగతి మీద ఇద్దరం ఇంకేం మాట్లాడలేదు. చేపల గురించే మాట్లాడుకున్నాం.

తెల్లారి నేను పంఖా కొనాలని లెక్కలు వేసుకుంటుంటే మా సాస్ వచ్చి, "ఇంత మాటకు దమ్మామ్‌కు ఫోన్ చెయ్యాల్నా?" అంది. "రంజన్ల నీళ్ళు ఎట్ల చల్లగైతయి? మట్టి చెమట పోస్తది, గాలి ఆ చెమటను తీస్కపోతది. ఇదీ గదే." వాళ్ళ అబ్బాజాన్ నిజాం జమానాలో సుబేదారీ కచేరీలో నౌకర్. ఎండాకాలం ఆయన పనే అది. కిటికీలకు కట్టిన ఖస్ టట్టీల మీద పొద్దంతా నీళ్ళు చల్లుతూ ఉండటం. వట్టివేళ్ళ తడకల్లోంచి వడగాలి లోపలికొచ్చేసరికి చల్లగా, ఖుష్బూగా మారేదట. సాహెబ్‌లు లోపల, ఈయన బయట ఎండలో బొక్కెన పట్టుకుని. "మా అబ్బా బయట ఉడికి లోపలోళ్ళను చల్లగుంచిండు" అన్నదామె. నాకు దమ్మామ్ మిద్దెలు కళ్ళముందు కదిలాయి. ఆమెకూ కదిలే ఉంటాయి, కొడుకు కదా.

అట్లా చెప్పి తన మంచం పక్కనున్న చిన్న టేబుల్ ఫ్యాన్ తానే ఎత్తుకొచ్చి తొట్టి ముందు పెట్టింది. ఫుజూల్ అన్న మనిషే. నేను వద్దంటే, "నాకు కూలర్ ఉన్నది. ఇన్కు కోన్ హై?" అన్నది.

తర్వాత రోజుల్లో మేము నేర్చుకున్నవి చెప్తాను, ఎవరింట్లోనైనా పనికొస్తాయి. తొట్టిని కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకు జరిపాం. జరిపేముందు సగానికి పైగా నీళ్ళు తోడాలి, నిండు తొట్టిని ఎత్తితే అద్దం పగులుతుంది. మూత తీసేసి పైన దోమతెర కట్టాం, లేకపోతే గప్పీలు ఎగిరి బయట పడతాయి. లైటు బంద్. మేత రోజుకు ఒక్కసారి, అదీ పొద్దున చల్లగా ఉన్నప్పుడు, రెండు నిమిషాల్లో తినేసేంత. వేడి రోజుల్లో ఒకపూట మానేసినా పెద్ద చేపలకు ఏమీ కాదు. మావాడికి ఈ మాట నమ్మబలకడానికి రెండు రోజులు పట్టింది.

పంఖా పెట్టాక పట్టీ మీద 33 ఉన్నది సాయంత్రానికి 30కి దిగింది. తర్వాత 29. కానీ రోజుకు రెండు లీటర్లకు పైనే నీళ్ళు ఎగిరిపోతున్నాయి. ఉప్పు, సున్నం మాత్రం ఎగరవు. అందుకని ఉత్తగా పైన పోసుకుంటూ పోతే చాలదు, వారానికోసారి పావు వంతు నీళ్ళు తీసి మార్చాలి. మా బోరు నీళ్ళు అసలే గట్టివి, బిందెకు తెల్లటి పొర కడతాయి. అందుకే నల్లా నీళ్ళే వాడాం. బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా నీడలో ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరుంటే దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు. పోసేటప్పుడు గ్లాసు గ్లాసుగా. ఇంకో సంగతి, మిద్దె మీది సింటెక్స్ ట్యాంకు నీళ్ళు పగలు ముట్టొద్దు, అవి టీకి పెట్టుకోవచ్చు. కింద సంపులోని నీళ్ళు చల్లగా ఉంటాయి. నేను ఫజర్ వేళే పట్టి పెట్టుకునేదాన్ని.

మరీ మండిపోయిన రోజున అర లీటరు సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, పైన గుడ్డ చుట్టి, మూత గట్టిగా బిగించి తొట్టిలో తేలేశాం. గంటకు ఒక డిగ్రీ కంటే ఎక్కువ పడొద్దని మావాడు గోడ గడియారం కింద నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాడు. ఒక డిగ్రీ పడగానే "నికాలో అమ్మీ" అని సీసా తీయించేవాడు. ఆ పని చేసేటప్పుడల్లా నా చేతులు ఆగేవి. వాడు ఎందుకంత జాగ్రత్తగా ఉన్నాడో నాకు తెలుసు. వాడికి తెలియనిది కూడా నాకు తెలుసు.

ఇంత వేడిలో ఫైటర్ మాత్రం సీసాలో షాన్‌గా తిరిగింది. దానికి గాలి బుడగలు లేవు, పంఖా లేదు. అది మొప్పలతో పాటు పైకొచ్చి నేరుగా గాలి మింగగలదు, తలలో మొప్పల పైన దానికోసం వేరే అర ఉంటుంది. మన కొర్రమీను కూడా ఇట్లాంటిదే. తెలంగాణ రాష్ట్ర చేప అది. మార్కెట్‌లో తట్టెడు నీళ్ళలో కొర్రమీన్లు గంటల కొద్దీ బతికి ఉండటం చూశారు కదా, అదే కారణం. గోల్డ్ ఫిష్‌కు ఆ వరం లేదు. మళ్ళీ చేపలు కొనేవాళ్ళకు నా సలహా, మన ఎండలకు తట్టుకునేవి అడగండి. దుకాణం వాళ్ళు మెరిసేవే చూపిస్తారు.

నా చిన్నప్పుడు మా నానీ వాళ్ళ మొహల్లా మస్జిద్‌లో హౌజ్ ఉండేది. అబ్బా చెయ్యి పట్టుకుని గేటు దాకా పోయి చూసేదాన్ని. రాతి మెట్లు, పైన వేపచెట్టు నీడ, లోపల నల్లటి చేపలు. ఏ ఎండాకాలం అవి తేలినట్టు నాకు యాద్ లేదు. ఇప్పుడర్థమవుతోంది, లోతుండేది, నీడ ఉండేది, వుజూకు తోడిన కొద్దీ కొత్త నీళ్ళు పోసేవాళ్ళు, చేతులు పెట్టి కలిపేవాళ్ళు. భద్రకాళి చెరువులోనైనా, వడ్డేపల్లి చెరువులోనైనా పైనీళ్ళు కాగితే చేప కిందికి పోతుంది. మా తొట్టికి లోతు ఒక్క అడుగు. కిందికి పోయినా అదే వేడి. పోవడానికి వాటికి చోటు లేకుండా చేసింది మనం, అందుకే వాటి ఫికర్ మన మెడకు చుట్టుకుంటుంది.

మావాడు అసర్ తర్వాత మక్తబ్‌కు పోతాడు. మే మూడో వారంలో ఒకరోజు హాఫిజ్ సాబ్ అబూ ఉమైర్ సంగతి చెప్పారట. హజ్రత్ అనస్ రజియల్లాహు అన్హు గారి తమ్ముడు, చిన్న పిల్లాడు. వాడొక చిన్న పిట్టను పెంచుకునేవాడు. అది చచ్చిపోతే దిగులుగా కూర్చున్నాడు. నబీ సల్లల్లాహు అలైహి వసల్లం వాళ్ళింటికి వచ్చినప్పుడు ఆ పిల్లాడిని చూసి, ప్రేమగా పేరు పెట్టి పిలిచి, నీ పిట్ట ఏమైందని పలకరించారు. అంత పెద్ద మనిషి, అంత పనుల్లో, ఒక పిల్లాడి చచ్చిపోయిన పిట్ట గురించి అడిగారు. మావాడు అది చెప్తూ మధ్యలో ఆగి, "అబూ ఉమైర్ చిడియా ఎట్ల చచ్చిపోయింది అమ్మీ? ఆయన ఎక్కువ తినిపించిండా?" అన్నాడు.

పిల్లిని కట్టేసి తిండి పెట్టక చంపిన ఆడమనిషి సంగతి, దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాపి మాఫీ పొందిన ఆమె సంగతి మనందరం విన్నవే. నేను ఆ రెండు కథలూ వాడికి చెప్పినదాన్నే. ఆ రాత్రి ఇషా చదువుతుంటే నా మనసు నమాజులో లేదు. తొమ్మిదేళ్ళ పిల్లాడు నా గునాను తన నెత్తిన పెట్టుకుని మూడు వారాలుగా నోట్‌బుక్‌లో డిగ్రీలు రాస్తున్నాడు.

సలాం తిప్పి లేచి వాడి పక్కన కూర్చున్నాను. "నువ్వు మేత ఎక్కువ వేసినవు, నిజమే. కానీ అది నాకూ తెలియదు, నేనూ ఆపలేదు. తర్వాత ఐస్ వేసింది నేను. అంత ఐస్ వేయొద్దట. కాలూ దానివల్లే పోయి ఉంటుంది."

వాడు చాలాసేపు నా మొహం చూశాడు. "ఫిర్ ఇత్తే దినాఁ కైకు నై బోలే?" అన్నాడు.

ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంటే నా దగ్గర ఏం జవాబుంది? "డర్ లగా" అన్నాను. వాడు దిండు తీసుకుని దాదీ గదిలోకి పోయాడు. నాలుగు రోజులు అక్కడే పడుకున్నాడు. పొద్దున పట్టీ చూసి డిగ్రీలు మాత్రం నాకు వినబడేలా గట్టిగా చదివేవాడు, నా వైపు చూడకుండా.

రోహిణి కార్తె వచ్చిన రెండో రోజు రాత్రి గాలిదుమారం లేచింది. ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి, గాలి కూడా ఆగిపోయింది. ఒక్కటే ఉక్క. పంఖా లేదు, గాలి మోటారు లేదు. గంటన్నరకే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. ఈసారి ఆకలి కాదని అందరికీ తెలుసు.

చేసేది ఏముంది, స్టీలు మగ్గు తీసుకున్నాను. తొట్టిలోంచే మగ్గెడు నీళ్ళు ముంచి, జానెడు ఎత్తు నుంచి సన్నగా మళ్ళీ అందులోనే పోయడం. పడే నీళ్ళు గాలిని లోపలికి తీసుకుపోతాయి, పైపొర కదిలి కొత్త గాలి కలుస్తుంది. కాసేపటికి చెయ్యి లాగేసింది. మా సాస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎడమ చేతిలో తస్బీ, కుడి చేతిలో మగ్గు. పది పూసలకు ఒక మగ్గు. "ఆయాసం మీకు, వద్దు" అన్నాను. "నీళ్ళు పోస్తే ఆయాసం రాదు. మా అబ్బా జిందగీ అంతా పోసిండు" అన్నది.

పదకొండున్నరకు ఆమెను పడుకోబెట్టాను. చీకట్లో ఒక్కదాన్నే పోస్తుంటే పక్కకు చిన్న చెయ్యి వచ్చి మగ్గు పట్టుకుంది. "తుమ్ సో జావ్, మై కర్తుఁ" అన్నాడు. నేను పడుకోలేదు. వంతులు వేసుకున్నాం. వాడు పోస్తుంటే నేను విసనకర్రతో నీటి మీద విసిరాను. రెండింటి దాకా కరెంటు రాలేదు. వచ్చేసరికి వాడు నా ఒడిలో తల పెట్టి నిద్రపోయాడు, మగ్గు చేతిలోనే ఉంది. ఒక గప్పీ పోయింది. నారింజ చేప బతికింది.

తెల్లారి పోయి చిన్న గాలి మోటారు తెచ్చాను, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే పవర్ బ్యాంక్‌తో నడిచేది. వాళ్ళ అబ్బా మరిచిపోయి వదిలిపెట్టిన పవర్ బ్యాంక్ ఇంట్లో ఉండనే ఉంది. ఇన్నాళ్ళూ అల్మారాలో పడుకుంది. మా సాస్ టేబుల్ ఫ్యాన్ ఆమెకు ఇచ్చేసి, తొట్టికి క్లిప్ పంఖా కూడా తెచ్చాను.

ఆ సాయంత్రం కాల్ వచ్చినప్పుడు మావాడు ఇంకా మస్జిద్ నుంచి రాలేదు. అదే వీలనుకుని చెప్పేశాను. "ఆ రోజు ఐస్ నేనే వేసిన."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడింది.

"కిత్నా?" అన్నారు.

"రెండు ట్రేలు. తర్వాత ఒక గిన్నె."

"బాబుకు తెలుసా?"

"చెప్పిన."

మళ్ళీ కాసేపు చప్పుడు లేదు. "ఇప్పుడెంత ఉంది?" అన్నారు.

"29."

"రోహిణి ఇంకా పోలేదు. పంఖా తీయకండి."

తలుపు చప్పుడైంది. మావాడు టోపీ తీయకుండానే ఫోన్ లాక్కుని తొట్టి దగ్గరికి పరుగెత్తాడు. అలవాటుగా చెయ్యి లైటు స్విచ్ మీదికి పోయింది. మధ్యలో ఆగాడు.

"అబ్బా, లైట్ నై జలాతుఁ. గర్మీ హోతీ ఇన్కు. ఐసైచ్ దేఖో" అన్నాడు.